పక్క చెట్టు సంతకం

నా నడుము నొప్పికి ముప్పై మార్కులొచ్చాయి. పాసు కావాలంటే నలభై రావాలి. పదో తరగతి లెక్కల పరీక్షను ఏదోలా గట్టెక్కినవాణ్ని, నొప్పిలో మాత్రం ఫెయిలయ్యాను. సంగారెడ్డి దవాఖానలో బల్ల వెనకాల కూర్చున్న ముగ్గురు డాక్టర్లు వేసిన మార్కులవి. ముప్పై శాతం వికలాంగుడికి పింఛను లేదు, పని లేదు, బస్సులో రాయితీ లేదు. వంద శాతం నొప్పి మాత్రం ఉంది.

నా కోపం ఆ ముగ్గురి మీద కాదు. వాళ్లకు నేనెవరో తెలియదు. నేనెవరో, నాకేమైందో కళ్లారా చూసి బాగా తెలిసిన ఒక మనిషి మీద నా కోపం. ఆ కోపాన్ని ఏడేళ్లు మేపాను. ఎట్లా తీర్చుకున్నానో కూడా చెప్తాను. నలుగురిలో మంచివాణ్ననిపించుకోవడానికి రాస్తున్నది కాదిది. ఆ ఆశ ఉన్నవాడు ఇలాంటివి రాయకూడదు.

మాది తాటిచెట్లు గీసి కల్లు దించే గీత పని ఇల్లు. సిద్దిపేట నుంచి మిరుదొడ్డి పోయే తోవలో మా ఊరు. తాత తాళ్లెక్కాడు, బాపు ఎక్కాడు, పదో తరగతి పాసైనా పని దొరక్క నేనూ ఎక్కాను. తాడెక్కాలంటే, అదే తాటిచెట్టెక్కాలంటే, మోకు కావాలి. నారా తోలూ కలిపి పేనిన లావుపాటి పగ్గం అది. దాన్ని చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకుని, వెనక్కి ఆనుకుని, కొంచెం కొంచెం జరుపుకుంటూ పైకి పోతాం. మోకు లేకుండా తాడెక్కే పని మా దగ్గర తాగినవాడు కూడా చెయ్యడు. నా మోకు బాపు తన చేత్తో పేనింది.

వనంలో ఎవరి చెట్లు వాళ్లవే. ఏ చెట్టు ఎవరిదో గీత సంఘం రిజిస్టరులో నంబర్లు వేసి ఉంటాయి. పక్కపక్క చెట్లవాళ్లు ఒకే వేళకు ఎక్కాలని మా పెద్దలు పెట్టిన కట్టుబాటు. ఒకడు జారితే ఇంకొకడు చూస్తాడని. నా చివరి చెట్టును ఆనుకుని ఉన్న చెట్టు మా సంఘం పెద్దది. సొంత చుట్టం కాకపోయినా ఊరి వరసన ఆయన నాకు మామ. నన్ను అల్లుడా అనేవాడు. ఆ పిలుపులో తేనె కారేది.

ఎనభైల నడిమి ముచ్చట ఇది. నాకు ఇరవై ఆరేళ్లు. పెళ్లయి రెండేళ్లు. ముసురు పట్టిన ఒక పొద్దున కల్లు లొట్టి దించుకుని దిగుతున్నాను. సగం చెట్టు దిగాక మోకు ముడి దగ్గర తెగింది. తెగిన చప్పుడు విన్నాను. ఆ తరవాత పొలం ఒడ్డు గడ్డి మీద వెల్లకిలా ఉన్నాను. పైన తాటాకులు మామూలుగానే ఊగుతున్నాయి. లేద్దామనుకుంటే నడుము కింది భాగం నాది కానట్టుంది.

పక్క చెట్టు మీంచి మామ దిగి ఉరికొచ్చాడు. మిగిలిన మోకు నా నడుముకు బిగుసుకుని ఊపిరాడడం లేదు. మామ తన గీత కత్తితో దాన్ని కోసి తీశాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కోసింది ఆయన కత్తి, ఆయన చెయ్యి.

మా వాడకట్టులో ఒక రివాజు ఉంది. మనిషిని పడేసిన మోకును గడప దాటనివ్వరు. ఆ చెట్టు మొదట్లోనే కాలబెట్టాలి, లేకపోతే అది ఇంకో మనిషిని కోరుతుందని అంటారు. నన్ను ఎడ్లబండి మీదికి ఎత్తుతుంటే బాపు ఏడుస్తూనే ఆ పని చేశాడు. తడి ముసురులో అగ్గి అంటుకోవడం లేదు. మామే పోయి వనంలోని కల్లు గుడిసె కింద నుంచి ఎండు తాటాకులు తెచ్చిచ్చాడు. తోలు కాలిన కమురు వాసన బండి మీద పడుకున్న నా దాకా వచ్చింది.

సిద్దిపేట దవాఖానలో పది రోజులు, పట్నం పెద్ద దవాఖానలో రెండు నెలలు ఉన్నాను. ఎముక అతుక్కుందన్నారు. నొప్పి తగ్గుతుందన్నారు. ఎముక మాట నిజమైంది.

నొప్పి సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే నా పగ మీకు ఎక్కువనిపిస్తుంది. నడుముకు ఎడమ పక్కన, బొటనవేలు ఆనించేంత జాగలో అది ఉంటుంది. అక్కడి నుంచి పిక్క దాకా దిగుతుంది. పొద్దున లేచేటప్పుడు మూడు దఫాలుగా లేవాలి. మొదట పక్కకు ఒత్తిగిలడం, తరవాత గోడకు చెయ్యి ఆనించి సగం లేచి ఊపిరి బిగబట్టడం, ఆ తరవాత మొత్తం నిలబడడం. రెండో దఫాలో తొందరపడితే నడుము పట్టేసి, అక్కడే ఆగిపోవాలి. తుమ్మొస్తే భయం. చెంబు జారి కింద పడితే దాన్ని చూస్తూ నిలబడడం. వావిలాకు వేడినీళ్లు, ఆముదం కాపడం, రంగురంగుల గోళీలు అన్నీ అయ్యాయి. ఇంటికొచ్చిన ప్రతి మనిషీ ఒక వైద్యం చెప్పి, చాయ్ తాగి పోయేవాడు. కూర్చుని, నిలబడి, పడుకుని మూడింట్లో ఏదీ ఎక్కువసేపు నడవదని నాకు తెలిసిపోయింది. ఒక కాలు ఇటుక మీద పెట్టి గోడకు ఆనితే మాత్రం కొంత ఊరట. అది ఏ డాక్టరూ చెప్పింది కాదు, నేను కనిపెట్టిందే.

తాడు మీంచి పడ్డ గీత మనిషికి సర్కారు సాయం చేసేది. దరఖాస్తు కల్లు లైసెన్సులిచ్చే ఆబ్కారీ ఆఫీసులో ఇవ్వాలి, పడ్డ రోజు నుంచి ఏడాది లోపల ఇవ్వాలి. పడినప్పుడు మోకు కట్టుకుని ఉన్నాడని సాక్షి సంతకం పెట్టాలి. ఆ సాక్షి పక్క చెట్టు మనిషే అయి ఉండాలని మా సంఘం కట్టుబాటు. ఒకే వేళకు ఎక్కేవాళ్లు కాబట్టి చూసేది వాళ్లేనని. పక్క చెట్టు సంతకం పడితేనే మిగతా వాళ్లు పెడతారు. అంటే నాకు మామ సంతకం కావాలి. కోసి తీసిన మనిషి సంతకం. అంతకంటే గట్టి సాక్షి ఎక్కడ దొరుకుతాడని ధీమాగా పోయాను.

మంచం మీద కూర్చుని ఉన్నాడు మామ. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెడ్త అల్లుడా, పెట్టక యాడికి పోత? గని మోకేది?"

"కాలబెట్టిన్రు గద మామా. ఆకులు నువ్వే దెచ్చిస్తివి."

"నేను దెచ్చిననో లేదో నాకు యాదికి లేదు. రేపు ఆఫీసరు మోకేదని అడిగితే ఏం జూపియ్యాలె? రేపు రా. జర సోంచాయిద్దాం."

ఆలోచిద్దామన్నాడు కదా అని నేను నిజంగానే మరునాడు పోయాను. అప్పుడంత అమాయకంగా ఉండేవాణ్ని. మరునాడూ అదే మాట. ఆ తరవాతి వారమూ అదే. "రేపు రా అల్లుడా."

ఇది ఎందుకో మా వాడకట్టులో అందరికీ తెలుసు. అంతకు ముందు ఎండాకాలం సంఘం ఎన్నికల్లో చేతులెత్తమన్నప్పుడు, బాపు చెయ్యి ఆయనకు కాకుండా ఎదుటి మనిషికి లేచింది. లేచింది బాపు చెయ్యి, విరిగింది నా నడుము, బదులు తీరింది నా కాగితం మీద. లేదని ఆయన ఎన్నడూ అనలేదు. పెట్టనని అంటే కొట్లాడవచ్చు, పంచాయితీ పెట్టవచ్చు. రేపు రమ్మనే మనిషితో ఎవడు కొట్లాడతాడు?

అప్పటికి మేం సిద్దిపేటలో ఒక అర్ర కిరాయికి తీసుకుని ఉంటున్నాం. దవాఖాన దగ్గరని, నా భార్యకు బీడీల పని దొరుకుతుందని. ఊరికి పోవాలంటే ఎర్ర బస్సెక్కి నిలబడి పోవాలి. గుంత వచ్చిన ప్రతిసారీ నడుములో ఒక పోటు. బస్సు దిగి మామ ఇంటి దాకా నడక. ఆయన లేడని ఇంట్లోవాళ్లు చెప్తే, లోపల దగ్గు వినపడుతుంటే, తిరిగి నడక. ఆ రోజుల్లో దయ్యం రాకుండా ఊళ్లలో తలుపుల మీద 'రేపు రా' అని సున్నంతో రాసుకునేవాళ్లు. దయ్యం కూడా ఆ మాట చదువుకుని వెనక్కి పోయేదట. నాకంటే బుద్ధిమంతురాలు.

ఇంతలో ఇంకో మాట పుట్టింది. తాగి ఎక్కిండట, అందుకే మోకు కట్టుకోలేదట అని. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇక తాటిచెట్టు మీంచి పడ్డవాడి మాట ఎవడు వింటాడు? మాట ఎక్కడ పుట్టిందో అడగడానికి పోలేదు. తేనె కారే నోరు మా ఊళ్లో ఒక్కటే.

ఏడాది దాటిన నాలుగో రోజు మామే కబురు పంపాడు. పోయాను. కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం మోకాలి మీద పరుచుకుని, అందంగా సంతకం చేసి, కింద తేదీ కూడా వేసి ఇచ్చాడు. "ఇగో, పెట్టిన. ఇగ మామ పెట్టలేదని నన్ను అనకు," అన్నాడు. ఆఫీసులో గుమాస్తా తేదీ చూసి, గడువు దాటిందని ముద్ర కొట్టి తిరిగిచ్చాడు. ఆ ఊదారంగు ముద్రను చూస్తూ మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. కూర్చుంటే మళ్లీ లేవలేనని నిలబడ్డాను గానీ ధైర్యం ఉండి కాదు. ఆ మెట్ల మీదే ఒట్టు పెట్టుకున్నాను. ఈ మనిషికి నా నడుము ఎట్లుంటదో ఒక్కనాడు తెలవాలె అని.

వికలాంగుల సర్టిఫికెట్ ఉంటే పింఛను వస్తుందని, ఉద్యోగాల్లో కోటా ఉందని ఎవరో చెబితే సంగారెడ్డి పోయాను. ప్రజ్ఞాపూర్‌లో బస్సు మారి, వెనక సీట్లో ఎగిరెగిరి పడుతూ పోయేసరికి నడుము గట్టిపడి కట్టె అయింది. నాలుగు గంటలు వరండాలో నిలబడితే లోపలికి పిలిచారు. నడిమి డాక్టరు తల ఎత్తకుండా అన్నాడు, "వంగు. కాలి వేళ్లు ముట్టుకో."

ఇక్కడ నేను చేసిన తప్పు ఏ కూలీ చెయ్యడు, ఏ దుకాణదారుడూ చెయ్యడు. గీత మనిషే చేస్తాడు. చిన్నప్పటి నుంచి మాకు నేర్పేది ఒకటే, పరాయివాళ్లు చూస్తుండగా ఒళ్లు వణకనివ్వద్దు, వణికితే రేపటి నుంచి నీ చెట్టు ఇంకొకడు అడుగుతాడు. పళ్లు బిగబట్టి మోకాళ్ల కింది దాకా వంగాను. ఒక్క మూలుగు కూడా బయటికి రానివ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే రెప్పలు ఆడించి లోపలికే పంపాను. నా వెనక వరసలో ఉన్న ఒకాయన బల్ల చూడగానే కుప్పకూలి అయ్యో అన్నాడు. ఆయనకు యాభై వేశారని తరవాత తెలిసింది.

"బాగానే వంగుతున్నావు గదయ్యా," అన్నాడు డాక్టరు. "చెట్టు మీంచి పడ్డట్టు ఆఫీసు కాగితం ఏమైనా ఉందా?"

గడువు దాటిన కాగితం చూపించాను. ఆయన ముద్ర చదివి పక్కన పెట్టాడు.

"ఇది చెల్లదు. కాగితం లేని నడుము నొప్పి దేశంలో అందరికీ ఉంది. నాకూ ఉంది." ముప్పై అని రాశాడు.

తిరుగు బస్సులో నేను తిట్టుకున్నది ఆ డాక్టరును కాదు. తాటాకులు తెచ్చిచ్చి, ఆ తరవాత యాదికి లేదన్న మనిషిని.

ఇక పని వేట. సిద్దిపేటలో బట్టల దుకాణంలో చేరాను. పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, గిరాకీ ముందర చీరెలు విప్పి మడవాలి. మూడో రోజు లేవలేక నలుగురు పట్టి లేపారు. ఇంకా పెళ్లిళ్ల సీజను మొదలే కాలేదని సేటు నవ్వి పంపించాడు. ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో ఒక హోటల్లో గల్లా దగ్గర పని ఉందన్నారు. స్టూలు మీద కూర్చునే పనే కదా అని పోయాను. బస్సాగిన పది నిమిషాల్లో యాభై మంది మీద పడితే కూర్చుని లేచి, కూర్చుని లేచి, వారం తిరిగేసరికి కాలు మొద్దుబారింది. కొండపాకలో ఒక రైసు మిల్లులో కాపలా అడిగితే, దొంగ వస్తే ఉరుకుతవా అన్నారు. ఉరకను అన్నాను. నిజం చెప్పినందుకు మెచ్చుకుని వద్దన్నారు. వికలాంగులకు ఎస్టీడీ బూతులు ఇస్తున్నారని తెలిసి అర్జీ పెట్టుకుంటే, నలభై శాతం చూపించమన్నారు. ఎక్కడికి పోయినా ఆ పది మార్కులే అడ్డం. చూస్తే మనిషివి బాగానే ఉన్నవని పనికి రమ్మనేవాళ్లు, పని చేస్తుంటే బాగా లేవని పొమ్మనేవాళ్లు.

నా భార్య బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దు పొడిచినప్పుడు తల వంచితే పొద్దు గూకేదాకా ఎత్తేది కాదు. నా నడుము విరగడం వల్ల ఆమె మెడ వంగింది. ఆ లెక్క కూడా మామ పద్దు కిందే రాసుకున్నాను.

చివరికి బస్టాండు దగ్గర సైకిల్ స్టాండులో పని దొరికింది. స్టాండు పెట్టిన పెద్దాయనకు చిన్నప్పటి నుంచి ఒక కాలు లేదు. నన్ను కిందికీ మీదికీ చూసి, "నొప్పి లేస్తే పండుకో. సైకిళ్లు యాడికి పారిపోవు," అన్నాడు. టోకెను ఇవ్వడం, టోకెను తీసుకోవడం. కూర్చోవచ్చు, నిలబడవచ్చు, గోడకు ఆనవచ్చు. ఒక ఇటుక తెచ్చిపెట్టుకున్నాను. జీతం చిన్నదే అయినా అక్కడ నా ఒంటిని ఎవరూ పరీక్ష పెట్టలేదు. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పాత పేపర్లు చదవడం, టోకెను పుస్తకాల వెనక రాసుకోవడం అక్కడే అలవాటైంది. మొదట్లో రాసినవన్నీ మామను తిట్టిన తిట్లే. భాష మీద పట్టు అట్లానే వచ్చింది.

ఇట్లా ఆరేళ్లు గడిచాయి. నా చెట్లు తమ్ముడు తన లైసెన్సు మీద గీస్తున్నా, సంఘం రిజిస్టరులో నంబరు మాత్రం నా పేరు మీదే ఉంది. దాన్ని నేను వదులుకోలేదు. మొండితనం అన్నారు అందరూ. దేనికి దాచుకున్నానో అప్పటికి నాకూ తెలియదు.

ఆ ఏడు ఆబ్కారీ వాళ్లు లైసెన్సులు సరిచూస్తామన్నారు. లైసెన్సున్న ప్రతి మనిషీ వాళ్ల ముందర చెట్టెక్కి చూపించాలి. నేను పడ్డ నాటి నుంచి మామ చెట్టు ముఖం చూడలేదు, జీతగాళ్లతో గీయించుకుంటున్నాడు. పొట్ట వచ్చింది. నలుగురిలో ఎక్కలేకపోతే పరువు పోతుందని, ముందు రోజు పొద్దు పొడిచే వేళ ఎవరికీ చెప్పకుండా వనానికి పోయి ఎక్కి చూసుకున్నాడు. పాత మోకు, పాత ఒళ్లు. రెంటిలో ఏది ముందు తెగిందో గానీ, పడ్డాడు. నడుము.

కబురు తమ్ముడు తెచ్చాడు. అబద్ధం ఎందుకు, సంతోషపడ్డాను. ఆ పూట రెండు బుక్కలు ఎక్కువ తిన్నాను.

దవాఖానలో తిరిగి తిరిగి రెండు నెలలకు మామ కర్ర పట్టుకుని సైకిల్ స్టాండుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చేతిలో కాగితం. ఆ కాగితం చూడగానే నాకు అంతా అర్థమైంది. ఆయన పడ్డప్పుడు నేనక్కడ లేకున్నా, రిజిస్టరులో ఆయన చెట్టుకు పక్క చెట్టు నాది. మొదటి సంతకం నాది.

"అల్లుడా," అన్నాడు. తేనె ఎండిపోయింది. "ఒక్క సంతకం."

"పెడ్త మామా, పెట్టక యాడికి పోత?" అన్నాను. "గని మోకేది?"

ఆయన నా మొహం చూసి కళ్లు దించుకున్నాడు. "మా పెద్దోడు కాలబెట్టిండు. రివాజు గద."

నవ్వొచ్చింది. నవ్వితే నడుములో పోటొచ్చింది, అయినా నవ్వాను. మామ అంగీ పైకెత్తి పక్కకు తిరిగాడు. నడుము చుట్టూ మోకు ఒరిసిన మచ్చ, నల్లగా, బెత్తెడు వెడల్పున. మోకు కట్టుకుని పడ్డవాడికే ఆ మచ్చ వస్తుంది. నాకూ ఉంది. గీత మనిషికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఆయన చెప్పింది పూర్తిగా నిజమని ఆ క్షణంలో నాకు తెలుసు, నాది నిజమని ఆయనకు తెలిసినట్టే.

"రేపు రా మామా," అన్నాను. "జర సోంచాయిద్దాం."

తాడి దన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడంటారు. నేనెవరి తలా దన్నలేదు, నా కాలు అంత ఎత్తుకు లేవదు. రేపు రమ్మన్నాను, అంతే.

వచ్చాడు. వారానికోసారి, ఒక్కోసారి రెండుసార్లు. అదే ఎర్ర బస్సు, అవే గుంతలు. బస్సు దిగేటప్పుడు కడ్డీ పట్టుకుని ఆయన ఒక్కో మెట్టు దిగడం స్టాండు నుంచి కనపడేది. చూస్తూ కూర్చునేవాణ్ని. ఒకసారి ముంజలు తెచ్చాడు, తిని రేపు రమ్మన్నాను. ఒకసారి లొట్టెడు కల్లు తెచ్చాడు, తాగి బాగుందని చెప్పి రేపు రమ్మన్నాను. ఒకసారి ఆయన వచ్చేసరికి స్టాండు వెనక పడుకుని దగ్గాను, లేనని చెప్పించాను.

నా భార్య గోడ మీది క్యాలెండరులో రోజులు కొట్టేసేది. ఆమె నాకంటే గట్టిది. "ఇంక నలభై రోజులే ఉన్నయ్. సైసు, ఓర్సుకో," అనేది చాట మీంచి తల ఎత్తకుండా. "సంతకం జేస్తివనుకో, నీకు బువ్వ పెట్ట."

బాపు మాత్రం ఊరి నుంచి వచ్చాడు. ముసలితనం మీద పడింది. గడపలో కూర్చుని నీళ్లు తాగి అన్నాడు, "పెట్టు బిడ్డా. పోనియ్యి."

"ఆయన పోనిచ్చిండా బాపు?"

"గా దినం మోకు పేనింది నేను. కాలబెట్టింది నేను. చెయ్యెత్తింది నేను. కోపముంటే నా మీద దీర్సుకో. గాయినను ఇడిసిపెట్టు."

"నీ మీద నాకేం కోపం లేదు," అన్నాను. అది అబద్ధం. ఏడేళ్లుగా ఆ మోకు ముడి నా కళ్లలో ఉంది. బాపుకూ అది అబద్ధమని తెలిసింది. సంచి చంకకేసుకుని లేచి పోయాడు, అన్నం తిని పొమ్మన్నా ఆగలేదు.

నేను సంతకం పెట్టలేదు.

గడువు చివరి రోజు మామ పొద్దున్నే వచ్చాడు. తేదీ ఆయనకూ తెలుసు. ఆ రోజు సంతకం మాటే ఎత్తలేదు. కాగితం జేబులో పెట్టుకుని నా బల్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. ఎటు తిరిగినా కుదరక, గోడ దగ్గర నా ఇటుక చూసి, దాని మీద ఒక కాలు పెట్టి గోడకు ఆనాడు. ఆయన మొహంలో వచ్చిన ఊరట నాకు తెలిసిన ఊరట. నేను కనిపెట్టుకున్నది ఎవరూ చెప్పకుండానే ఆయనా కనిపెట్టాడు. నా ఇటుక తీసుకున్నాడని మండింది. లాక్కోలేదు.

మధ్యాహ్నం మూట విప్పి జొన్నరొట్టె సగం నాకిచ్చాడు. తిన్నాను. వచ్చినవాళ్లకు టోకెన్లిచ్చాను. మేమిద్దరం వంతులవారీగా కూర్చుని, నిలబడి, ఆనుకుంటుంటే, సైకిల్ కోసం వచ్చిన ఒకాయన అన్నదమ్ములా అని అడిగాడు. టోకెను తీసుకుని అతని సైకిల్ చూపించాను.

ఆబ్కారీ ఆఫీసు అయిదుకు మూస్తారు. బస్టాండు గడియారం అయిదు దాటి, అయిదున్నర అయింది. అప్పుడు చెయ్యి చాపాను.

"తే మామా కాగితం."

ఆయన గడియారం వైపు ఒకసారి చూసి, కాగితం తీసిచ్చాడు. బల్ల మీద పరిచి, మంచి దస్తూరితో సంతకం చేశాను. కింద తేదీ కూడా వేశాను. మరునాటి తేదీ. ఆయన దాన్ని చదువుకుని నాలుగు మడతలు పెట్టాడు.

"ఆకులు దెచ్చిచ్చింది నేనే అల్లుడా," అన్నాడు. "మోకు గోసింది గూడ నేనే. నాకు యాదికే ఉన్నది. ఎన్నడు మరవలే."

ఏడేళ్లు నేను ఎదురుచూసిన మాట అది. ఆ మాట ఆబ్కారీ మెట్ల మీద కావాలి, సంగారెడ్డి బల్ల ముందర కావాలి. ఇద్దరిలో ఎవరికీ అక్కరకు రాని వేళకు వచ్చింది. పొద్దున అని ఉంటే సంతకం పెట్టేవాణ్నా? ఏమో. పెట్టకపోయేవాణ్నేమో.

ఆయన బల్ల మీంచి లేవబోయాడు. మొదటి దఫా పక్కకు ఒరిగాడు. రెండో దఫాకు గోడ దూరంగా ఉంది. నా కుడి చెయ్యి నన్నడగకుండా ముందుకు పోయింది. ఆయన దాన్ని చూసి, పట్టుకుందామని ఒంటి బరువంతా ముందుకు తెచ్చాడు. అప్పుడు నాకు తెలివొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆయన నడుము నడిమిట్ల పట్టేసింది. లేవకుండా, కూర్చోకుండా, గాల్లోకి చెయ్యి చాపుకుని అట్లనే ఆగిపోయాడు. గొంతులోంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది. సంగారెడ్డిలో ముగ్గురు డాక్టర్ల ముందర నేను బయటికి రానివ్వని చప్పుడు అది.

నా పగ తీరింది సంతకం దగ్గర కాదు, అక్కడ. ఏడేళ్లు అనుకుని చేసింది నాకు ఇప్పుడు పెద్దగా గుర్తుకు రాదు. అనుకోకుండా చేసింది రోజూ పొద్దున గోడకు చెయ్యి ఆనించినప్పుడల్లా గుర్తొస్తుంది. ఎంతోసేపటికి ఆయనే కర్ర అందుకుని, మెల్లగా లేచి, బస్సు వైపు పోయాడు. నేను టోకెన్ల డబ్బా సర్దుకుని, ఇటుక లోపల పెట్టి, ఇంటికి పోయాను.